నాలుగు అరచేతులు

అష్బర్టన్
9 సెప్టెంబరు 1973

మామయ్యకు,

నాలుగు గంటలకల్లా ఇల్లు చేరాను. ఫెయిర్లీ నుంచి ఇక్కడిదాకా కొత్త టైర్లు గుసగుసలాడుతున్నట్టు నడిచాయి. ఆ రెండు కొత్తరకం రేడియల్ టైర్లను ఎవరెవరు అడిగారో, ఎవరికి లేదన్నారో మీరు చెప్పలేదు. మీ గ్యారేజీలో బల్ల కింద గోనెసంచి కప్పి దాచడం మాత్రం చూశాను. ఓడ వచ్చి ఆరు నెలలైంది. తర్వాతి ఓడ ఎప్పుడో ఎవరికీ తెలియదు. మీ దగ్గర మిగిలినవి రెండే. ఆ రెండూ నాకే వేశారు.

"నాలుగూ ఒకే రకం ఉండక్కర్లేదా?" అని నేనడిగితే మీరన్న మాట ఇంకా చెవిలో ఉంది. "పిచ్చిపిల్లా, చేతి కింద ఉండేవి ముందు చక్రాలు. వెనకవి ఊరికే వెంటవచ్చే చుట్టాలు. మంచివెప్పుడూ ముందుకే!" నవ్వుతూనే అన్నారు. కానీ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో నట్టునూ రెండేసిసార్లు బిగించారు. పనిమంతుణ్ణి చూసేటప్పుడు మాట్లాడితే పాఠం తప్పిపోతుందని కాన్వెంటులో మా సిస్టర్ అసంప్టా అనేవారు. అందుకే మౌనంగా నిలబడ్డాను. నేనెప్పుడూ అంతేనని మీరంటారనుకోండి.

ఉద్యోగం బాగుంది. పదకొండు పల్లెల గ్రంథాలయాలకు పుస్తకాల పెట్టెలు చేర్చి, చదివేసినవి వెనక్కి తేవడం. ఈ స్టేషన్ వ్యాగన్ కారుని ఇంతవరకు ఆడవాళ్లెవరూ నడపలేదు. క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే మా పై అధికారి ఆర్మ్స్‌బీ గారు క్రిస్మస్ దాకా గడువిచ్చారు. "చూద్దాం, మిస్ స్కల్లీ" అన్నారు, చూడ్డానికేమీ లేనట్టు.

ఇది పోతే నాకు మిగిలేది అత్తగారి బట్టలకొట్టులో బొత్తాలు లెక్కపెట్టడం. ఆ అత్తగారు ఇంకా నాకు అత్తగారు కాలేదు. అమ్మ మనసులో అయింది.

మీ మేనకోడలు
బ్రిజిడ్


ఫెయిర్లీ
18 సెప్టెంబరు

బ్రిడీ తల్లీ,

టైర్లు అడిగిన ముగ్గురి పేర్లూ రాద్దామనుకున్నాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని నా టీ తాగుతున్నాడు. "ఎవరికి రాస్తున్నావు కాన్, ప్రధానమంత్రికా?" అంటున్నాడు. అంతకంటే పెద్దమనిషికేలే అన్నాను.

గాలుల కాలం వచ్చేసింది. కొండల మీద కమానులా మబ్బు కట్టి, దాని కింద ఆకాశం గాజులా కనిపించిందంటే వాయవ్యపు గాలి బయలుదేరినట్టే. నీ దారి మెథ్వెన్ నుంచి మౌంట్ సోమర్స్ దాకా దానికి పూర్తిగా అడ్డం. చెట్ల దడి చాటున ఉన్నంతసేపూ గాలే లేదనుకుంటావు. దడిలో ఖాళీ రాగానే భుజంతో గుద్దుతుంది. మళ్లీ దడి రాగానే వదిలేస్తుంది. గుద్దినప్పటికంటే వదిలినప్పుడే భయపడాలి. ఎందుకంటే నువ్వింకా స్టీరింగుని గాలి మీదకు తిప్పి పట్టుకునే ఉంటావు.

ఒకటి గుర్తుపెట్టుకో. కారు ఎంత పెద్దదైనా నేలని తాకేది నాలుగు చోట్ల. ఒక్కోచోటా నీ అరచేయంత. ఆ నాలుగు అరచేతులే దాన్ని రోడ్డు మీద పట్టి ఉంచేది. మిగతా బండంతా గాలి తోసుకోవడానికి కట్టిన గోడ.

బొత్తాల సంగతి మీ అమ్మకి నేను చెబుతాను. నువ్వు బండి నడుపు.

కాన్ మామయ్య


అష్బర్టన్
14 అక్టోబరు

మామయ్యకు,

ముందుగా: నాకేమీ కాలేదు.

మంగళవారం మెథ్వెన్ దాటాక వాయవ్యపు గాలి లేచింది. మీరు చెప్పినట్టే వేగం తగ్గించాను. గాలి నా కుడివైపు నుంచి. మొదటి ఖాళీలో స్టీరింగు కొంచెం గాలివైపు తిప్పితే కారు ముక్కు వెంటనే మాట విన్నది. తోక మాత్రం వినలేదు. కాసేపాగి, దాని ఇష్టానికి అది వచ్చింది. సర్దాను. ముక్కు మళ్లీ వెంటనే తిరిగింది, తోక మళ్లీ రెండోవైపు ఊగింది. అలా ఊగుతూ ఉండగానే దడి వచ్చింది, గాలి చటుక్కున ఆగింది. కారు రోడ్డుకి అడ్డంపడి, ఎదుటి బండ్ల వరస దాటి, తీగల కంచె చీల్చుకుని గోర్స్ ముళ్లపొదల్లో ఆగింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం దేవుడి దయ.

వెనక తలుపు తెరుచుకుని నూట నలభై పుస్తకాలు గొర్రెల మధ్య పడ్డాయి. ఆ పొలం యజమాని గెమ్మెల్ గారు అనే పెద్దావిడ ట్రాక్టరు మీద వచ్చారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఎముకలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"అయితే ఇక్కడ నిలబడి ఏడవకు, కంచె కంత దగ్గర నిలబడి ఏడు. గొర్రెలు బయటికి పోతాయి."

నేను కంత దగ్గర నిలబడ్డాను. ఆవిడ పుస్తకాలన్నీ ఏరి, తన ఆప్రనుతో తుడిచి, ఒకటి మాత్రం చంకలో పెట్టుకుని, "ఇది నేను పూర్తిచేసి ఇస్తాను" అన్నారు.

ఆర్మ్స్‌బీ గారి ఉత్తరం శుక్రవారం వచ్చింది. ప్రమాదానికి కారణం నవంబరు ఇరవైలోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం డ్రైవరే అయితే ఉద్యోగం అప్పటితో సరి. కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: "ఆడవారి మణికట్లు ఈ గాలులకు సరిపోవని నేను మొదటే అనుకున్నాను."

కారు నడుస్తోంది, ఒక దీపం పగిలిందంతే. వారం వారం పెట్టెలు చేరుస్తున్నాను, గాలి లేని రోజులు చూసుకుని. కానీ మామయ్యా, ఆగస్టులో ఇదే దారిలో ఇంతకంటే పెద్ద గాలిలో వెళ్లాను. అప్పుడూ ఇవే మణికట్లు.

బ్రిజిడ్


ఫెయిర్లీ
19 అక్టోబరు

తల్లీ,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను.

మణికట్లంట! ఆయన పెన్ను తప్ప ఇంకేమైనా తిప్పాడా ఎప్పుడైనా? సరే, తిట్టుకోవడం తర్వాత. కారణం నువ్వు కాదు. కారణం కారు చెబుతుంది, మనం సరిగ్గా అడగాలి. అడిగే పద్ధతి ఇది.

పొద్దున్నే, కారు కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ గాలి కొలువు. వెనక బరువుంది కాబట్టి వెనక రెండు పౌండ్లు ఎక్కువుండాలి. గాలి తక్కువైన టైరు పక్కగాలికి జెల్లీలా ఊగుతుంది.

తర్వాత ఒక్కో చక్రం జాకీ మీద లేపు. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపి చూడు. టకటకమంటే బేరింగు వదులైనట్టు. నట్లు చూడు. ఆ తర్వాత సుద్దముక్క రిమ్ముకి తగిలీ తగలనట్టు పట్టుకుని చక్రం తిప్పు. చుట్టూ గీత పడితే రిమ్ము నిఖార్సు. ఒక్కచోటే పడితే వంకర.

చివరగా పెట్టెల బరువు తూచు. ఏ పెట్టె ఎక్కడుందో రాయి.

నువ్వు చిన్నప్పుడు మా కోళ్లు పెట్టిన గుడ్లన్నిటికీ తేదీలు రాసిపెట్టినదానివి. నాకు ఆ బ్రిడీ కావాలి ఇప్పుడు.

మామయ్య


అష్బర్టన్
2 నవంబరు

మామయ్యకు,

అన్నీ చూశాను.

గాలి: ముందు ఇరవై ఎనిమిది, వెనక ముప్పై. ఏడు రోజులు వరసగా ఉదయం ఆరింటికి కొలిచాను. ఒక్క పౌండు కూడా తేడా లేదు. బేరింగులు చప్పుడు చేయలేదు. ఇరవై నట్లూ బిగువుగా ఉన్నాయి. సుద్ద నాలుగు రిమ్ముల మీదా చుట్టూ గీసింది. పెట్టెలు ఎనిమిది, ఒక్కోటీ ముప్పై రెండు నుంచి ముప్పై ఆరు పౌండ్లు. బరువైన విజ్ఞానసర్వస్వాలు ముందు సీటు వెనకే ఉన్నాయి.

అన్నీ సరిగానే ఉన్నాయి. కాబట్టి నా చేతులే అయ్యుండాలి. నివేదికలో అదే రాస్తాను. మీరు శ్రమపడ్డారు, కృతజ్ఞతలు.

మీ మోకాలు ఎలా ఉంది? వసంతం వచ్చి చలి తగ్గింది కదా, నొప్పి తగ్గి ఉండాలి.

బ్రిజిడ్


ఫెయిర్లీ
7 నవంబరు

బ్రిడీ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని రాత్రంతా దానితో పోట్లాడాను.

నట్లు ఇరవై అని రాశావు. విజ్ఞానసర్వస్వాల బరువు రాశావు. నువ్వు మందుసీసా మీద చీటీ కూడా చదివే పిల్లవి. అలాంటిదానివి నాలుగు చక్రాల గురించి ఒక పేజీ రాసి, టైర్లు ఏ రకమో ఒక్క మాట రాయలేదు. ఆపైన నా మోకాలి గురించి అడిగావు. నా మోకాలు ఎవరికి కావాలే?

అప్పుడు తట్టింది. తట్టాక లేచి నా సొంత కారుకి అలాగే వేశాను. డాక్టరు గారి కారుకి రేడియళ్లు ఉన్నాయి. అవి ఒక గంట అప్పు తీసుకున్నాను. ముందు అవి, వెనక నా పాతరకం. ఆదివారం చర్చిలో పూజయ్యాక గుట్టల రోడ్డెక్కాను. ఓ మాదిరి గాలి. నీది తుఫాను అయితే నాది ఊదుడుగొట్టం.

ముక్కు మాట వింటుంది, తోక వినదు. నువ్వు రాసింది అక్షరం పొల్లుపోలేదు. పక్కగాలి తోసినప్పుడు పాతరకం టైరు మొత్తం మెలిపడి, అడుగుభాగం నలుగుతుంది, పట్టు సడలి పక్కకి నడుస్తుంది. రేడియల్‌కి పక్కలు మెత్తన, కానీ అడుగున తీగల పట్టీ ఉంటుంది, అందుకని అరచెయ్యి నేల మీద చదునుగా ఆనే ఉంటుంది. గట్టి అరచేతులు రెండూ ముందు, సడలే అరచేతులు రెండూ వెనక. ఇక తోక ఊగక ఏంచేస్తుంది? గాలిపటానికి తోక తీసుకెళ్లి ముక్కుకి కట్టినవాణ్ణి నేను.

మా కాలంలో నాలుగూ ఒకే రకం. అరిగిపోనివి ముందుకి వేసేవాళ్లం, నలభై ఏళ్లు అదే చేశాను. కొత్తరకం వచ్చిందని తెలుసు, కొత్త నియమం వచ్చిందని తెలుసుకోలేదు. టైర్లతోపాటు ఒక కాగితం వచ్చింది. వెతికాను. బిస్కెట్ల డబ్బా కింద పరిచి ఉంది. రెండే ఉంటే రేడియళ్లు వెనకే వేయాలని, లావుపాటి అక్షరాలతో, డబ్బా తుప్పు మరక కిందే ఉంది.

నిన్ను ఎదుటి వరసలోకి తోసింది గాలి కాదు తల్లీ, నేను.

ఒక్కటి చెప్పు. నీకు ముందే తెలుసా?

కాన్


అష్బర్టన్
11 నవంబరు

మామయ్యకు,

తెలుసు.

అక్టోబరు ముప్పైన మేఫీల్డ్ నుంచి తిరిగివచ్చిన పెట్టెలో కార్ల మరమ్మతు పుస్తకం ఒకటుంది. ఎవరో నూనె వేలితో తిప్పిన పేజీ దానంతటదే తెరుచుకుంది. చదివాను. బయటికి వెళ్లి చక్రాలు చూశాను. లోపలికి వచ్చి మళ్లీ చదివాను.

నివేదికలో కారణం రాస్తే, టైర్లు వేసింది ఎవరన్న గడి కూడా నింపాలి. ఆ గడిలో మీ పేరు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. ముగ్గురికి లేదని చెప్పి, గోనెసంచి కింద నాకోసం దాచిన మనిషి పేరు అది. నా మణికట్లయితే ఎవరికీ నొప్పి లేదనుకున్నాను.

చెప్పకుండా వదిలేయడం కూడా అబద్ధమేనని సిస్టర్ అసంప్టా చెప్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి. మీకు తప్ప ఇంకెవరికి అబద్ధం రాసినా చెల్లేదేమో. మీరు నా మాటలనే కాదు, వదిలేసిన మాటలను కూడా చదివారు. నన్ను అంత జాగ్రత్తగా ఎవరూ చదవలేదు.

తప్పని తెలిశాక దాన్ని మీరు మీ కారుకే వేసుకుని గాలిలోకి వెళ్లడం గురించి రోజంతా ఆలోచిస్తున్నాను. ఆ పని నేను చేసి ఉండేదాన్ని కాదు. కాగితం మీద ఒప్పుకుని ఊరుకునేదాన్ని.

నిన్న పెరట్లో రేడియళ్లు వెనక్కి, పాతవి ముందుకి మార్చాను. గంటన్నర పట్టింది. నేను అద్దెకుండే ఇంటావిడ కిటికీలోంచి, "ముందువి వెనక్కీ, వెనకవి ముందుకా? ఎన్ని ఉన్నాయో అన్నే ఉన్నాయి కదమ్మా, ఏం లాభం?" అన్నారు. మధ్యాహ్నం కొంచెం గాలిలో ఖాళీ పెట్టెలతో వెళ్లాను. స్టీరింగు కొంచెం బద్ధకంగా ఉంది. తోక ఎక్కడుండాలో అక్కడుంది.

నివేదిక ఇంకా పంపలేదు.

బ్రిజిడ్


ఫెయిర్లీ
13 నవంబరు

తల్లీ,

ఇక నువ్వు పంపక్కర్లేదు. నిన్ననే నేను పంపాను. నకలు ఇది.

"ఆర్మ్స్‌బీ గారికి. మీ స్టేషన్ వ్యాగన్‌కి ముందు రెండు రేడియల్ టైర్లు, వెనక రెండు పాతరకం టైర్లు వేసి రోడ్డు మీదకు పంపింది నేను. అలా వేయకూడదు. వేయకూడదన్న కాగితం నా దగ్గరే ఉంది, నేను చదవలేదు. ఆ కాగితం జతచేస్తున్నాను. మరక బిస్కెట్ల డబ్బాది. మీ డ్రైవరు తప్పు ఏమీ లేదు. నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నేను, అదే అమరికతో, అందులో సగం గాలిలో నా కారు నడిపి చూశాను. అది గొర్రెల నీళ్లతొట్టిలో ఆగింది. మీ డ్రైవరు మణికట్ల గురించి మీకేమైనా సందేహముంటే నావి చూడండి, కట్టు కట్టి ఉన్నాయి. కొర్నీలియస్ మల్వే, ఫెయిర్లీ."

తొట్టి సంగతి నీకు రాయలేదు. సిగ్గేసింది. నువ్వు దాచినదానికి ఇది చెల్లు.

ఈ ఏడాది ఇలా ముందుకి రేడియళ్లు వేసి పంపిన కార్లు నీది కాక పదిహేడు. పేర్లన్నీ నా లెక్కల పుస్తకంలో ఉన్నాయి. జాకీ, పానా వేసుకుని ఇంటింటికీ వెళ్తున్నాను. తొమ్మిదయ్యాయి. మొదటి ఇంట్లో, "నలభై ఏళ్లు నమ్మాం కదా కాన్!" అన్నాడు. మంచిది, నలభై ఒకటో ఏడు కాగితం చదివాక నమ్ము అన్నాను. మూడో ఇంట్లో టీ ఇచ్చారు. ఏడో ఇంట్లో కుక్కని వదిలారు.

గ్యారేజీ గోడ మీద రంగుతో రాశాను: మంచివి వెనక్కి. ఊళ్లోవాళ్లు చర్చిలో వెనక బెంచీకి పరుగెత్తి, "కాన్ చెప్పాడు" అంటున్నారు.

మామయ్య


అష్బర్టన్
29 నవంబరు

మామయ్యకు,

ఆర్మ్స్‌బీ గారు వచ్చారు. కబురేమీ లేకుండా, నిన్న ఉదయం ఎనిమిదింటికి, టోపీ పెట్టుకుని, చేతిలో మీ కాగితంతో. "ఈ మరక నిజంగా బిస్కెట్లదేనా?" అన్నది ఆయన మొదటి మాట. నిజమేనన్నాను.

"ఇవాళ దారి ఏది, మిస్ స్కల్లీ?"

"మెథ్వెన్, మౌంట్ సోమర్స్ అండీ."

ఆయన కొండలవైపు చూశారు. కమాను మబ్బు అంచు నుంచి అంచుకి కట్టి ఉంది. "గాలి వచ్చేలా ఉందే" అన్నారు. వస్తుందన్నాను. రేపటికి వాయిదా వేద్దామా అంటారేమోనని ఎదురుచూశాను, ఆయనా అదే ఎదురుచూశారనుకుంటాను. ఆయన కారెక్కారు.

మెథ్వెన్ దాటేసరికి అక్టోబరులో వచ్చిన గాలే వచ్చింది, బహుశా ఇంకొంచెం ఎక్కువ. ఆయన ఒక చెయ్యి తలుపు పిడి మీద, ఒక చెయ్యి టోపీ మీద పెట్టుకున్నారు. మొదటి ఖాళీ. గాలి భుజంతో గుద్దింది. కారు మొత్తం, ముక్కూ తోకా కలిసి, అడుగు పక్కకి జరిగింది, అంతే. ఊగలేదు. నేను కొంచెం సర్దాను. దడి వచ్చింది. చేతులు ముందే వదులు చేశాను, మీరు చెప్పినట్టు. రెండో ఖాళీ. మూడోది. వెనక నేలకి ఆనుకున్న ఆ రెండు అరచేతులు నాకు వీపులో తెలుస్తున్నాయి.

గెమ్మెల్ గారి కంచె దగ్గరికి వచ్చాం. ఇక్కడేనండీ అని ఆయనకి చూపిద్దామనుకున్నాను. కొత్త కర్రలు తెల్లగా కనిపిస్తున్నాయి, గొర్రెలు గాలికి వీపు తిప్పి నిలబడ్డాయి. వేగం తగ్గించి, ఆయనవైపు చూశాను.

మామయ్యా, ఆయన నిద్రపోతున్నారు. తలుపు పిడి మీద చెయ్యి జారి ఒళ్లో పడింది. నోరు తెరిచి ఉంది. టోపీ ముక్కు మీదకు వచ్చింది. ఆ గాలిలో, ఆ కంచె పక్కనే, పసిపిల్లాడిలా.

లేపలేదు. మౌంట్ సోమర్స్ గ్రంథాలయం ముందు ఆపాక ఆయనే ఉలిక్కిపడి లేచారు.

"గాలి తగ్గిపోయిందా?"

"లేదండీ."

నమ్మలేదు. తలుపు తెరిచారు. టోపీ వెళ్లిపోయింది. రోడ్డు దాటి, కంచె దాటి, గొర్రెల మీదుగా, మేమిద్దరం చూస్తుండగానే కనబడకుండా పోయింది. ఆయన బట్టతలతో చాలాసేపు ఆ దిక్కే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నావైపు తిరగకుండానే, "క్రిస్మస్ దాకా ఆగక్కర్లేదు" అని, మొదటి పెట్టె తనే దింపారు.

పెట్టెలో పైనున్న పుస్తకం గెమ్మెల్ గారు చదివి తిరిగి ఇచ్చినది. చివరి పేజీలో గోర్స్ పువ్వు ఒకటి నలిగి ఉంది. దాన్ని ఈ ఉత్తరంలో పెడుతున్నాను.

పదిహేడులో ఎన్ని అయ్యాయి? శనివారం నాకు సెలవు. జాకీ నేను పడతాను.

మీ మేనకోడలు
బ్రిజిడ్